పాటకు పీట, పాడినవాడికి చెట్టుతొర్ర: సెంగోర్ కవిత్వం, రాజ్యం

కవి గద్దెనెక్కితే సాహిత్య విమర్శ చేతులెత్తేస్తుంది. కవిత్వాన్ని ఒక మూటలో, పాలనను ఇంకో మూటలో కట్టి "కవిగా గొప్పవాడే, పాలకుడిగా ఆయన పరిమితులు ఆయనవి" అని తీర్పు చెప్పి ఊరుకుంటుంది. సెనెగల్ మొదటి అధ్యక్షుడు లియొపోల్డ్ సెదార్ సెంగోర్ (1906-2001) విషయంలో జరిగింది ఇదే. ఈ మూటల పంపకాన్ని మేము ఒప్పుకోవడం లేదు. ఆయన కవిత్వంలో పలికిన "మనం", ఆయన ప్రభుత్వం పలికిన "మనం" ఒకటేనని మా వాదన. ఆ "మనం"లో ఎవరున్నారు, ఎవరి పాట మాత్రం ఉండి మనిషి లేడు అనే ప్రశ్నను ఇక్కడ చర్చకు పెడుతున్నాం.

కులం మీద పనిచేసేవాళ్ళకు ఆఫ్రికా కవితో ఏం పని అని అడగొచ్చు. సెనెగల్‌లో కులం ఉంది. మన ఊళ్ళలో ఉన్నట్టు కాదు గానీ, ఉంది. నల్లజాతి ఆత్మగౌరవానికి ప్రపంచమంతా వినబడేలా ఒక పేరు పెట్టిన కవి ఆ సమాజంలోంచే వచ్చాడు. కాబట్టి ఆయన్ని చదవాల్సిన అవసరం మనకు అందరికన్నా ఎక్కువే.

ముందు ఆయన ఎక్కడ నిలబడి పాడాడో చూడాలి. సెంగోర్ 1906 అక్టోబర్ 9న సముద్రపు ఒడ్డున ఉన్న జోఆల్‌లో పుట్టాడు. సేరేర్ జాతి. తండ్రి బజీల్ దియోగోయ్ సెంగోర్ వేరుశనగ వ్యాపారంలో బాగా సంపాదించినవాడు. సీన్ రాజ్యపు రాజు కుంబా న్దొఫెన్ దియూఫ్ ఆ ఇంటికి వచ్చిపోయేవాడని, రాజు వెంట పాటగాళ్ళు వచ్చేవాళ్ళని సెంగోర్ జీవితాంతం తలుచుకున్నాడు. ఆయన "బాల్య సామ్రాజ్యం" అని పిలుచుకున్న లోకం ఇదే. దాన్ని గురించి రాసిన విమర్శకులు అందులోని పల్లె అందాన్ని చూశారు. మేము చూసేది కూర్చున్న చోటు. ఆ ఇంటి పిల్లవాడికి పాట ఎదురుగా వచ్చి వినిపించేది. పాడి బతకాల్సిన ఇంట్లో పుట్టినవాడు కాదు.

అయినా వలస పాలనలో ఆయనకూ అవమానం తప్పలేదు. డాకర్‌లో క్రైస్తవ గురువు కావడానికి చదువుతూ, ఆఫ్రికా వాళ్ళకు నాగరికత లేదన్న ఫాదరీని ఎదిరించినందుకు, నువ్వు ఈ వృత్తికి పనికిరావని పంపించేశారు. 1928లో పారిస్ చేరాడు. ఫ్రెంచి వ్యాకరణం బోధించే అత్యున్నత అర్హత పరీక్ష రాయాలంటే ఫ్రెంచి పౌరసత్వం తీసుకోవాల్సి వచ్చింది. 1935లో ఆ పరీక్ష నెగ్గిన మొదటి ఆఫ్రికన్ ఆయనే. తెల్లవాడి భాషను తెల్లవాళ్ళ పిల్లలకే చెప్పే పంతులయ్యాడు. మార్తినీక్ నుంచి వచ్చిన ఎమె సెజేర్‌తో స్నేహం పారిస్‌లోనే కుదిరింది. "నెగ్రిట్యూడ్" అనే మాటను సెజేర్ పుట్టించాడు. దాన్ని సిద్ధాంతంగా పెంచి ఇల్లిల్లూ తిప్పింది సెంగోర్.

ఈ మాట చేసిన పనిని మేము తక్కువ చేయం. తిట్టుగా వాడే మాటను తిరగేసి నెత్తిన పెట్టుకోవడం ఎంత బలమైన పనో దళిత కవిత్వం చదివేవాళ్ళకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1948లో సెంగోర్ వేసిన నల్లకవుల సంకలనం, దానికి సార్త్ర్ రాసిన పెద్ద ముందుమాట, ఫ్రెంచి సాహిత్యం గడపలో నల్లమనిషిని నిలబెట్టాయి. కానీ సెంగోర్ సిద్ధాంతంలో మొదటినుంచీ ఒక చిక్కు ఉంది. భావావేశం నల్లవాడి సొత్తు, తర్కం గ్రీకువాడి సొత్తు అన్న అర్థం వచ్చే ఆయన మాట 1939 నాటిది. నల్లవాడు ఇట్లా ఉంటాడు అని తెల్లవాడు అన్నదాన్నే మెచ్చుకోలుగా మార్చి చెప్పడం ఇది. కామెరూన్ తత్వవేత్త మార్సియాఁ తోవా 1971లో నెగ్రిట్యూడా, దాస్యమా అని పుస్తకం పేరులోనే నిలదీశాడు. ఆ విమర్శ సరైనదే. దానికి మేము చేర్చేది ఒకటుంది. "నల్లవాడు" అని ఏకవచనంలో మాట్లాడినప్పుడు ఏ నల్లవాడు అనే ప్రశ్న మాయమైపోతుంది.

1939లో సెంగోర్‌ను సైన్యంలోకి పిలిచారు. 1940 జూన్‌లో జర్మన్లకు చిక్కి 1942 దాకా యుద్ధ ఖైదీగా ఉన్నాడు. ఆ శిబిరాల్లో తోటి ఆఫ్రికా సిపాయిల మధ్య రాసిన కవితలు 1948లో "నల్ల బలులు" అన్న అర్థం వచ్చే పేరుతో సంపుటిగా వచ్చాయి. మా దృష్టిలో ఆయన "మనం" నిజాయితీగా నిలబడింది ఈ పుస్తకంలోనే. కారణం స్పష్టం. అక్కడ కవి, సిపాయి ఒకే ముళ్ళకంచె లోపల ఉన్నారు.

1944 డిసెంబర్ 1న డాకర్ పక్కన తియారోయ్ శిబిరంలో, జర్మన్ చెరనుంచి తిరిగొచ్చిన ఆఫ్రికా సిపాయిలు తమకు రావాల్సిన జీతం బాకీ అడిగినందుకు ఫ్రెంచి సైన్యం కాల్చి చంపింది. అధికార లెక్క 35 మంది. అసలు సంఖ్య చాలా ఎక్కువని చరిత్రకారులు వాదిస్తూనే ఉన్నారు. అది ఊచకోత అని ఫ్రాన్స్ అధ్యక్షుడు ఒప్పుకోవడానికి 2024 నవంబర్ దాకా, అంటే 80 ఏళ్ళు పట్టింది. సెంగోర్ ఆ నెలలోనే తియారోయ్ మీద కవిత రాశాడు. బతికున్నవాళ్ళలో శిక్షపడ్డవాళ్ళ విడుదల కోసం చట్టసభ సభ్యుడిగా పైరవీ కూడా చేశాడు. 1947లో వాళ్ళకు క్షమాభిక్ష దొరికింది. కవిత, రాజకీయం ఒకే మనిషి కోసం పనిచేసిన సందర్భం అది. దీన్ని గుర్తుపెట్టుకునే ముందుకు పోవాలి.

రాజకీయంలోకి ఆయన వచ్చిన దారి కూడా గమనించాలి. ఫ్రెంచి సెనెగల్‌లో జనం రెండు రకాలు. డాకర్, సెంట్ లూయీ, గోరే, రూఫిస్క్ అనే నాలుగు పట్టణాల్లో పుట్టినవాళ్ళకు ఓటుంది. మిగతా పల్లెజనం అంతా "ప్రజ" మాత్రమే, పౌరులు కారు. వాళ్ళకు వెట్టిచాకిరీ, విచారణ లేని శిక్షలు. 1945లో పౌరుల స్థానానికి లాయరు లామిన్ గెయ్, పౌరులు కానివాళ్ళ స్థానానికి సెంగోర్ పోటీచేసి పారిస్ సభకు ఎన్నికయ్యారు. 1946లో వెట్టి రద్దయింది, లామిన్ గెయ్ పేరుతో పౌరసత్వ చట్టమూ వచ్చింది. 1948లో సెంగోర్ పట్టణ పెద్దల పార్టీని వదిలి, బడిపంతులు మామదూ దియాతో కలిసి కొత్త పార్టీ పెట్టాడు. పల్లెపల్లె తిరిగాడు. 1951 ఎన్నికల్లో లామిన్ గెయ్ ఓడిపోయాడు. పొలంనుంచి వచ్చిన ఓటు మొదటిసారి పట్టణాన్ని ఓడించింది. ఇదంతా సెంగోర్ ఖాతాలో వేయాల్సిందే.

అయితే ఆ ఓటు ఎట్లా వచ్చిందనేది రెండో ప్రశ్న. సెనెగల్ బతుకంతా వేరుశనగ మీద. వేరుశనగ పండే నేల మీద మురీద్ వంటి ముస్లిం మత గురువుల పట్టు. శిష్యులు గురువు పొలంలో ఊరికే పనిచేస్తారు, గురువు చెప్పినచోట ఓటేస్తారు. క్రైస్తవుడైన సెంగోర్ ముస్లిం జనం ఎక్కువున్న దేశంలో నెగ్గాడంటే ఈ గురువులతో కుదిరిన పొత్తు వల్లే. ఊరి పెద్దను ఒప్పిస్తే ఊరంతా వచ్చినట్టే అనే లెక్క మనకు కొత్తదా?

1947 అక్టోబర్ 10 నుంచి 1948 మార్చి 19 దాకా డాకర్-నైజర్ రైలు మార్గంలో ఆఫ్రికా కార్మికులు సమ్మె చేశారు. తెల్లవాడికీ నల్లవాడికీ ఒకే ఉద్యోగ నిబంధనలు ఉండాలని అడిగారు. అయిదు నెలలు ఆకలితో నిలబడ్డారు. దాని నాయకుడు ఇబ్రహీమా సార్. సమ్మె నడిచినన్నాళ్ళూ సెంగోర్ బాహాటంగా నోరు విప్పింది తక్కువ. గెలిచాక సార్‌ను తన పార్టీలోకి తెచ్చుకున్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు కులం సంగతి. వోలోఫ్, సేరేర్ వంటి జాతుల్లో సమాజం మూడు వరసలు. పైన "గేర్" అనే స్వతంత్రులు. కింద "న్యేన్యో" అనే వృత్తికులాలు: కమ్మరులు, కంసాలులు, తోలుపనివాళ్ళు, నేతగాళ్ళు, పాటగాళ్ళయిన గ్రియోలు. ఇంకా కింద "జామ్", బానిస సంతతి. వృత్తి పుట్టుకతో వస్తుంది, పెళ్ళి కులంలోనే. ఇస్లాం వచ్చింది, క్రైస్తవం వచ్చింది, పెళ్ళి దగ్గరకొచ్చేసరికి కులం మాత్రం పోలేదు. మన దగ్గరున్న అంటరానితనం అక్కడ అచ్చంగా ఉందని మేము అనడం లేదు. గ్రియో రాజు పక్కన కూచోగలడు, రాజును నలుగురిలో ఎత్తిపొడవగలడు, బహుమతులు గుంజుకోగలడు. అంత దగ్గరివాడికి పిల్లను మాత్రం ఇవ్వరు.

చచ్చాక నేల కూడా ఇవ్వరు. సేరేర్ ప్రాంతంలో గ్రియో శవాన్ని భూమిలో పాతితే భూమి గొడ్డుపోతుందని, వానలు పడవని నమ్మకం. అందుకని బావోబాబ్ చెట్టు తొర్రలో పెట్టేవాళ్ళు. పంట పండే నేలకు పాటగాడి శవం మైల. స్వాతంత్ర్యం వచ్చాక ఈ ఆచారాన్ని ఆపించింది సెంగోర్ ప్రభుత్వమే. అది మంచి పని, ఒప్పుకుంటాం. కానీ కవిత్వం దగ్గరకొద్దాం. సెంగోర్ తన గురువులుగా చెప్పుకున్నది తన ఊరి పాటకత్తెల్ని, ముఖ్యంగా మరోన్ న్దియాయ్‌ని. తన కవితల నెత్తిన కోరాతో పాడాలి, ఖలాంతో పాడాలి అని గ్రియోల వాయిద్యాల పేర్లు రాశాడు. అధ్యక్షుడయ్యాక 1961లో వచ్చిన "నోక్టర్న్" సంపుటిలోనూ ఆ పద్ధతి ఉంది. లయ వాళ్ళది, వాయిద్యం వాళ్ళది, రాజును పొగిడే పలుకుబడి వాళ్ళది. ఆ పాట ఆయన చేతిలో "నల్లజాతి ఆత్మ" అయింది. ఒక కులానికి కట్టబెట్టిన చాకిరీ, దాని కట్టుబాట్లు, దాని చెట్టుతొర్ర జాతి ఆత్మ లోపల కనబడకుండా పోయాయి. జాతి గొప్పదనానికి ఏ కులం పాట పనికొచ్చిందో, ఆ కులం ప్రశ్న నెగ్రిట్యూడ్‌కు ప్రశ్నే కాలేదు. సొంత సమాజంలోని మెట్లు కనబడకపోవడం ఏమరుపాటు అనుకోలేం. ఏకవచనంలో మాట్లాడే ప్రతి జాతివాదానికీ ఆ చీకటి అవసరం.

రాజకీయం మీద ఆయన కవితల్లో అందరూ ఎత్తిచూపేది 1956 నాటి "ఎతియోపిక్" సంపుటిలోని చాకా నాటకీయ కవిత. జులూ రాజు చాకా చావు ముందర తెల్లగొంతుకు జవాబు చెప్తాడు. ప్రజలకోసం ప్రియురాలు నోలివెను చంపుకున్నాడు, తనలోని కవిని కూడా బలిచ్చాడు. కవికీ నాయకుడికీ మధ్య నలిగిన మనిషి వేదన అని విమర్శకులు దీన్ని ఆకాశానికెత్తారు. మేము అడిగేది చిన్న ప్రశ్న. ఈ కథలో చచ్చిందెవరు? నోలివె. ఆమె చావు రాజుగారి గుండెకోతకు దినుసు అయింది. అధికారం వేసే శిక్షను పాలకుడు తన లోపలి బాధగా చెప్పుకోవడం ఇక్కడ మొదలయింది. ఇక అసలు చరిత్రలో బలైంది ఎవరో చూద్దాం.

సెనెగల్, సూడాన్ కలిసిన మాలి సమాఖ్యకు 1960 జూన్ 20న స్వాతంత్ర్యం వచ్చింది. ఆగస్టు 20న అది విడిపోయింది. సెప్టెంబర్‌లో సెంగోర్ సెనెగల్ అధ్యక్షుడు, మామదూ దియా ప్రధాని. దియా వేరుశనగ వ్యాపారాన్ని దళారుల చేతిలోంచి తీసి సహకార సంఘాల చేతిలో పెట్టాలని, రైతు తన సంగతి తానే చూసుకునేలా చేయాలని పట్టుబట్టాడు. ఫ్రెంచి వ్యాపారులకూ మత గురువులకూ అది మింగుడుపడలేదు. 1962 డిసెంబర్‌లో శాసనసభ్యులు అవిశ్వాస తీర్మానం తెచ్చారు. దియా 17న సభ దగ్గర జాండార్ములను దించాడు. అది తప్పే. మరునాడు దియాను, నలుగురు మంత్రుల్ని అరెస్టు చేశారు. 1963లో దియాకు యావజ్జీవం. ముగ్గురు మంత్రులకు 20 ఏళ్ళ చొప్పున. ఆ ముగ్గురిలో ఒకడు ఇబ్రహీమా సార్. తెల్ల కంపెనీ మీద అయిదు నెలలు రైలు ఆపినవాడు, కవి రాజ్యంలో జైలుకు పోయాడు. వాళ్ళు బయటికొచ్చింది 1974లో. సార్ ఆ తర్వాత రెండేళ్ళకే పోయాడు.

1963 డిసెంబర్ 1న అధ్యక్ష ఎన్నిక జరిగింది. అభ్యర్థి సెంగోర్ ఒక్కడే. ఆ రోజు డాకర్ వీధుల్లో నిరసనకారుల మీద కాల్పులు జరిగి జనం చచ్చిపోయారు. తియారోయ్ కాల్పుల తేదీ కూడా డిసెంబర్ 1. తియారోయ్ మీద కవిత రాసినవాడి ప్రభుత్వమిది. ఇక్కడ కవి చచ్చిపోయాడు, నాయకుడు మిగిలాడు అనే సానుభూతి కథ పనికిరాదు. కవి బతికే ఉన్నాడు, రాస్తూనే ఉన్నాడు, ఏళ్ళ తరబడి ఆయన పేరు నోబెల్ చర్చల్లో నలుగుతూనే ఉంది. చాకా కవితలోలాగే మూల్యం చెల్లించినవాళ్ళు పక్కవాళ్ళు.

1966 ఏప్రిల్‌లో డాకర్‌లో మొదటి ప్రపంచ నల్లజాతి కళల ఉత్సవం జరిగింది. పాట, మాస్కు, శిల్పం, నాట్యం ఘనంగా కొలువుతీరాయి. రెండేళ్ళకు, 1968 మేలో విద్యార్థులూ కార్మికులూ రోడ్డెక్కితే రాజ్యం పోలీసుల్ని పంపింది. 1973 మేలో యువ విప్లవకారుడు ఒమర్ బ్లోందిన్ దియోప్ గోరే జైలులో చనిపోయాడు. ఉరి వేసుకున్నాడని ప్రభుత్వం చెప్పింది. కుటుంబం ఇప్పటికీ ఒప్పుకోలేదు. బానిసల్ని ఓడలెక్కించిన దీవిగా ప్రపంచానికి చూపించుకునే గోరేలోనే ఇది జరిగింది. సెంబెన్ ఉస్మాన్ తీసిన "చెద్దో" సినిమాను సెంగోర్ ప్రభుత్వం ఆపేసింది. చెప్పిన కారణం, పేరులో ద కింద ద వత్తు అక్కర్లేదని! వోలోఫ్ రాతకు డిక్రీతో నియమాలు పెట్టిన వ్యాకరణ పండితుడి రాజ్యంలో ఒక వత్తు సినిమాను ఆపింది. భాష మీద ప్రేమ ఎప్పుడు లాఠీ అవుతుందో తెలుసుకోడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

ఆయన వదిలేసిన ప్రశ్నను ఆయన కాలంలోనే ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తుకున్నారు. 1979లో డాకర్‌లో అచ్చయిన మరియమా బా నవల "ఇంత పొడుగు ఉత్తరం"లో అయిసతు కంసాలి కూతురు. చదువుకుంది, ప్రేమించి పెళ్ళి చేసుకుంది. సీన్ రాజవంశపు గర్వమున్న అత్త ఆ పెళ్ళిని ఒప్పుకోదు. తన రక్తం పిల్లను పెంచి కొడుక్కి రెండో పెళ్ళాంగా కట్టబెడుతుంది. అయిసతు పిల్లల్ని తీసుకుని ఇల్లు వదిలి, చదువుకుని, తన కాళ్ళ మీద నిలబడుతుంది. సెంగోర్ "బాల్య సామ్రాజ్యం" కూడా ఆ సీన్ నేలదే అని గమనించాలి. ఆ రాజసాన్ని కోరాతో పాడితే కవిత. కంసాలి ఇంటినుంచి చూస్తే కాపురం కూలిన కథ. అదే 1979లో అమినతా సో ఫాల్, టూరిస్టుల కోసం ఊరినుంచి తరిమేసిన బిచ్చగాళ్ళు సమ్మెకు దిగిన కథ రాసింది. నెగ్రిట్యూడ్ మీద వచ్చిన సిద్ధాంత గ్రంథాలన్నిటికన్నా ఈ రెండు చిన్న పుస్తకాలు మాకు ఎక్కువ విమర్శగా కనిపిస్తున్నాయి. ఇవి "నల్లవాడు" అనవు. ఎవరి కూతురు, ఎవరి కోడలు, ఎవరి గుమ్మంలో చేయిచాచింది అని అడుగుతాయి.

సెంగోర్‌ను దుర్మార్గుడిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. 1964 భూచట్టం పాత భూస్వాముల హక్కును తగ్గించి దున్నేవాడి అనుభవానికి చోటిచ్చింది. 1976లో మూడు పార్టీలకు వీలు కల్పించాడు. 1980 చివర తనంతట తాను గద్దె దిగాడు. అప్పటి ఆఫ్రికాలో అది అరుదు. 1983లో ఫ్రెంచి అకాడమీ ఆయన్ని సభ్యుడిగా ఎన్నుకుంది, మొదటి ఆఫ్రికన్‌గా. 2001 డిసెంబర్ 20న నార్మండీలో కన్నుమూశాడు. డాకర్‌లో జరిగిన అంత్యక్రియలకు ఫ్రాన్స్ అధ్యక్షుడూ రాలేదు, ప్రధానీ రాలేదు. జీవితమంతా రెండు లోకాల రాజీ పాడినవాడికి అవతలి లోకం ఇచ్చిన జవాబు అది.

మనకు ఆయనతో నేరుగా ఉన్న లంకె కూడా ఒకటుంది. 1974లో సెంగోర్ మద్రాసులో నెగ్రిట్యూడ్‌కూ ద్రావిడ సంస్కృతికీ ఉన్న చుట్టరికం గురించి మాట్లాడాడు. ద్రావిడ, ఆఫ్రికా భాషల్ని పోల్చే పనిని డాకర్‌లో ప్రోత్సహించాడు. కర్ణాటక భాషాశాస్త్రవేత్త యు.పి. ఉపాధ్యాయ అక్కడ కొన్నేళ్ళు పనిచేశాడు. తెలుగు కూడా ఆ చుట్టాల జాబితాలోదే. నల్లని ద్రావిడులం మనమంతా ఒకటి అనే మాట వినడానికి బాగుంటుంది. కానీ సెంగోర్ "నల్లవాడు" అన్నప్పుడు గ్రియో చెట్టుతొర్ర ఎట్లా కనబడలేదో, "ద్రావిడుడు" అన్నప్పుడు మాలపల్లె, మాదిగవాడ అట్లాగే కనబడవు. వేల కులాలుగా చీలిన జనం ఒక జాతి ఎట్లా అవుతుందని 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ అడిగాడు. ఆ ప్రశ్న డాకర్‌లో అడగాల్సినవాళ్ళు అడగలేదు.

మేము మా ఇళ్ళలో మొదట కాలేజీ మెట్లెక్కినవాళ్ళం. ఊరి తరఫున మాట్లాడే అవకాశం చదువుతో పాటు మా చేతికి వస్తుంది. పెద్ద వేదికల మీద డప్పుకు ఇప్పుడు చోటు దొరుకుతోంది. మా కవిత్వానికి అవార్డులు వస్తున్నాయి. సంతోషమే. అందుకే సెంగోర్ మాకు పరాయి కవి కాడు, ముందే జరిగిపోయిన ఉదాహరణ. వేదిక మీద డప్పు మోగినప్పుడల్లా వాయించేవాడికి ఊళ్ళో పూడ్చుకోవడానికి ఆరడుగుల నేల ఉందా అని అడగడం విమర్శకుడి పని. ఆ ప్రశ్న అడిగినందుకు మనవాళ్ళలోనే ఎవరన్నా కోపగించుకుంటే, "మనం" అనే మాటలో వాళ్ళ చోటు ఎక్కడో మరోసారి చూసుకోమని చెప్పాలి.